కిల్ట్ మీద పతకాలు: మాజీ సైనికుడు ఏది పెట్టుకోవచ్చు, ఏది ఇంట్లో వదిలేయాలి

అక్టోబరు ఆఖరి వారం వచ్చిందంటే మా కొట్లో గిరాకీ తీరు మారిపోతుంది. పెళ్ళికొడుకులు తగ్గుతారు, మాజీ సైనికులు పెరుగుతారు. ఒక చేతిలో ట్వీడ్ జాకెట్టు, చంకలో పాత బిస్కెట్ల డబ్బా, అందులో పతకాలు. "ఇవి దీని మీద ఎక్కడ పెట్టాలి?" అందరిదీ ఒకటే ప్రశ్న.

స్కాట్లాండ్‌లోని ఎడింబరాలో కిల్టులు, అంటే ఇక్కడి మగవాళ్ళు మోకాళ్ళ దాకా కట్టే గళ్ళ కుచ్చిళ్ళ బట్టలు, కుట్టి అద్దెకిచ్చే ఒక కొట్లో ఆల్టరేషన్ల పని నాది. నవంబరు రెండో ఆదివారం ఇక్కడ రిమెంబ్రెన్స్ సండే, యుద్ధాల్లో పోయినవాళ్ళని తలుచుకునే రోజు. రాయల్ మైల్ అనే పాత వీధిలో, నగర పాలక భవనం సిటీ ఛాంబర్స్ ముందున్న స్మారక శిల దగ్గర పూలచక్రాలు ఉంచుతారు, రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. ఆ రోజు కోసం ఏటా ఇరవై ముప్పై జాకెట్లు నా సూది కిందకి వస్తాయి. ఈమధ్య మనవాళ్ళూ అడుగుతున్నారు. స్కాటిష్ అల్లుడున్న అత్తమామలు, రిటైరై గ్లాస్గోలో కొడుకు దగ్గర ఉంటున్న సుబేదారుగార్లు, తాతగారికి రెండో ప్రపంచ యుద్ధంలో వచ్చిన బర్మా స్టార్ పతకాన్ని బీరువాలో దాచుకున్న మనవలు. అందరికీ విడివిడిగా ఫోన్లో చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే నయమనిపించింది.

మొదట తేల్చుకోవలసింది

మాజీ సైనికుడు కట్టుకున్న కిల్ట్ మామూలు పౌరుడి బట్టే. ఇది ఒప్పుకుంటే మిగతా చిక్కులు సగం విడిపోతాయి. యూనిఫారం సైన్యానిది, సర్వీసుతో పాటే దాని హక్కూ అయిపోతుంది. పతకం మనిషిది, అతనితో ఇంటికొస్తుంది. కాబట్టి పతకాలు పెట్టుకోవచ్చు, ర్యాంకు చారలు పెట్టుకోకూడదు.

ఇంత తేలిక విషయంలో జనం ఎందుకు తికమక పడతారంటే దానికి చరిత్ర ఉంది. గద్దె పోయిన స్టువర్ట్ రాజవంశం కోసం లేచిన జాకొబైట్ల తిరుగుబాటు అణిచాక, 1746లో బ్రిటిష్ పార్లమెంటు స్కాట్లాండ్ కొండసీమ అయిన హైలాండ్ దుస్తులను నిషేధించింది. సైన్యంలో చేరినవాళ్ళకి మాత్రం మినహాయింపు. 1782లో నిషేధం ఎత్తేసేదాకా, అంటే ఒక తరం పైగా, నడివీధిలో దర్జాగా కిల్ట్ కట్టగలిగింది హైలాండ్ రెజిమెంట్ల సిపాయిలే. అందుకే ఈ వేషంలో ఏ ముక్క పట్టుకున్నా బారకాసుల వాసన వస్తుంది. గ్లెన్‌గ్యారీ టోపీ, కిల్ట్ ముందు వేలాడే గుర్రపు వెంట్రుకల సంచి (స్పోరన్), భుజాల మీద పట్టీలున్న డబ్లెట్ కోటు, అన్నిటికీ సైన్యంతో చుట్టరికమే. ఏది పౌరుడిది, ఏది సైన్యానిది అన్న గీత పల్చబడిపోయింది.

చట్టం మాత్రం గీత గీసే ఉంచింది. 1894 నాటి యూనిఫారాల చట్టం ప్రకారం సైన్యంలో లేనివాడు అనుమతి లేకుండా సైనిక యూనిఫారం వేస్తే నేరం. నాటకాల్లాంటి వాటికి మినహాయింపు ఉంది. పతకాల సంగతి వేరు. తనది కాని పతకం పెట్టుకోవడాన్ని నేరంగా చూసిన 1955 ఆర్మీ చట్టపు సెక్షన్, 2006 చట్టం వచ్చాక పోయింది. ఆ పతకాలు చూపించి డబ్బో ఉద్యోగమో సంపాదిస్తే మాత్రం మోసం కేసు తప్పదు. చట్టం సంగతి అలా ఉంచండి. పెరేడ్‌లో పక్కన నిలబడ్డ పాత సార్జెంటు మీ రిబ్బన్లని ఒక్క చూపులో చదివేస్తాడు, ముందు ఆయనకి భయపడండి.

1. పిలుపు చూసి జాకెట్టు తీయండి

పగటి కార్యక్రమమా, రాత్రి విందా? దీన్నిబట్టే పతకాల సైజు.

పగలు, స్మారక దినాలకి, అంత్యక్రియలకి, పెరేడ్‌లకి ట్వీడ్ లేదా నలుపు ఆర్గైల్ జాకెట్టు, మామూలు టై, తోలు స్పోరన్. వీటి మీదకి పూర్తి సైజు పతకాలు. గుండ్రటి పతకం అడ్డకొలత 36 మిల్లీమీటర్లు, రిబ్బన్ వెడల్పు 32.

రాత్రి విందుకి ప్రిన్స్ చార్లీ అనే పొట్టి కోటు, బో టై, బొచ్చు స్పోరన్. వీటి మీదకి చిన్న సైజు పతకాలు. పెద్ద వాటిలో సగం ఉంటాయి, మినియేచర్లంటారు. ఆహ్వానం మీద "డెకరేషన్స్" అని ఉంటేనే పెట్టండి. లేకపోతే పిలిచినవాళ్ళని ఒక మాట అడగండి. స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ పేర జనవరి 25న జరిగే బర్న్స్ నైట్ విందుకి ఊరికే పెట్టుకుపోయి, హాల్లో తానొక్కడే గలగలలాడుతుంటే రాత్రంతా ఇబ్బంది పడ్డ పెద్దమనిషి ఒకాయన నాకు తెలుసు.

పగటి జాకెట్టు మీద మినియేచర్లు, రాత్రి కోటు మీద పెద్దవి, రెండూ పొరపాటే.

2. కిల్ట్ కట్టడం

దీని గురించి ఎక్కువ చెప్పను. మన పంచెకి కుచ్చిళ్ళు ముందుకొస్తాయి, కిల్ట్‌కి వెనక్కి. ముందు భాగం చదునుగా ఉండి, అంచు మీ కుడివైపుకి రావాలి. కింది అంచు మోకాలి చిప్ప మధ్యకి. పిన్ను పైపొరకే గుచ్చాలి. రెండు పొరలూ కలిపి గుచ్చితే నడకలో గుడ్డ చిరుగుతుంది, ఆ చిరుగు రఫూ చేసేది నేనే. స్పోరన్ బెల్టు గొలుసు బిగువుగా, నాభికి నాలుగు వేళ్ళ కింద. మోకాలి మేజోళ్ళు మోకాలి చిప్ప కిందకి మడవాలి, మేజోళ్ళ పట్టీకి వేలాడే గుడ్డ ముక్కలు, ఫ్లాషెస్, బయటి వైపుకి కనబడాలి.

మేజోడులో దోపుకునే చిన్న కత్తి, స్కీన్ డూ, కుడిచేతి వాటం వాళ్ళకి కుడికాలికి. జాతీయ వేషధారణలో భాగంగా దాన్ని ధరించడానికి స్కాట్లాండ్ చట్టం ఒప్పుకుంటుంది. కానీ విమానంలో చేతిసంచిలో పెట్టుకుని బయల్దేరకండి. స్టేడియాల్లో, క్లబ్బుల్లో కూడా గేటు దగ్గరే ఆపేస్తారు.

టార్టన్, అంటే గళ్ళ నమూనా, ఏది? మీ ఇంటిపేరుదో, మీ రెజిమెంటుదో, నచ్చిందో. బ్లాక్ వాచ్ అనే స్కాటిష్ రెజిమెంటు వాళ్ళు కట్టే ముదురు ఆకుపచ్చ, నీలం గళ్ళ గవర్నమెంట్ టార్టన్ ఎవరైనా కట్టొచ్చు. 2006 మార్చి 28న పాత స్కాటిష్ పదాతి రెజిమెంట్లని కలిపి రాయల్ రెజిమెంట్ ఆఫ్ స్కాట్లాండ్ చేసినప్పుడు దాని కిల్ట్‌కీ ఆ గవర్నమెంట్ టార్టనే తీసుకున్నారు. సీఫోర్త్ హైలాండర్లది మెకంజీ టార్టన్. మన ఊళ్ళ చరిత్రలు రాయించి కైఫీయత్తులు మిగిల్చిపోయిన కాలిన్ మెకంజీదీ అదే ఇంటిపేరు, పుట్టింది స్కాట్లాండ్‌లో, లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో. కొట్లో ఆ తాను విప్పినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

3. పతకాల వరస

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు కాబట్టి కొంచెం నింపాదిగా చూద్దాం.

సొంత పతకాలు ఎడమ రొమ్ము మీద. గౌరవంలో అన్నిటికన్నా పెద్దది ఛాతీ మధ్యకి దగ్గరగా, చిన్నది ఎడమ భుజం వైపుకి. ఎదురుగా నిలబడి చూసేవాడికి ఎడమ నుంచి కుడికి, మనం చదివే దిశలో వరస సాగుతుంది.

ఏది పెద్ద, ఏది చిన్న అనేది తేదీ ఒక్కదాన్నిబట్టి తేలదు. బ్రిటన్ అత్యున్నత సాహస పతకాలు విక్టోరియా క్రాస్, జార్జ్ క్రాస్ అన్నిటికీ ముందు. తర్వాత మిగతా బిరుదులు, సాహస పతకాలు. తర్వాత యుద్ధ పతకాలు. వీటిని మాత్రం తమలో తాము కాలక్రమంలో పేర్చాలి. ఆ తర్వాత జూబిలీ, పట్టాభిషేక పతకాలు. ఆపైన దీర్ఘ సేవా పతకం. పరాయి దేశం ఇచ్చినవి చిట్టచివర, అవీ పెట్టుకోవడానికి అనుమతి వచ్చి ఉంటేనే.

ఒక ఉదాహరణ. మా వీధి చివర ఉండే ఆయన బ్లాక్ వాచ్‌లో సార్జెంటుగా చేసి రిటైరయ్యాడు. నాలుగు పతకాలు. ఉత్తర ఐర్లండ్ పనికి వచ్చిన జనరల్ సర్వీస్ మెడల్, ఊదా రిబ్బన్‌కి ఆకుపచ్చ అంచులు. 2002 గోల్డెన్ జూబిలీ. 2003లో ఇరాక్‌కి వెళ్ళినందుకు ఇసుక రంగు రిబ్బన్‌తో ఇరాక్ మెడల్. పదిహేనేళ్ళ సేవకి వచ్చిన లాంగ్ సర్వీస్ మెడల్, ఎరుపుకి తెల్ల అంచులు. ఆయన వాటిని తేదీల వరసలోనే బార్‌కి, అంటే వెనక పిన్ను ఉండే పట్టీకి, కుట్టించుకొచ్చాడు, జూబిలీ ముందు, ఇరాక్ తర్వాత. చూడ్డానికి న్యాయంగానే ఉంది, 2002 తర్వాతే కదా 2003. కానీ ఇరాక్ మెడల్ యుద్ధ పతకం, జూబిలీది వేడుక పతకం. యుద్ధ పతకం ముందు జరగాలి. నేను చెబితే ఆయన ఒక్క క్షణం ఆగి, "పదేళ్ళు తప్పుగా పెట్టుకు తిరిగానన్నమాట. ఒక్కడూ చెప్పలేదే!" అన్నాడు. చెప్పకపోవచ్చు, కానీ చూసే ఉంటారు.

బార్ రెండు రకాలు. ఒకటి వేలాడే రకం, పతకాలు విడివిడిగా ఊగుతూ నడుస్తుంటే మోగుతాయి. రెండోది కోర్ట్ మౌంటింగ్. గట్టి పలక మీద రిబ్బన్ పరిచి, పతకాన్ని దానికే కుట్టేస్తారు. కదలవు, మోగవు, ఒకదానికొకటి రాసుకుని గీతలు పడవు. డబ్బు కొంచెం ఎక్కువైనా రెండోదే చేయించుకోండని నా సలహా.

లెక్క కూడా ముందే చూసుకోవాలి. నాలుగు రిబ్బన్లంటే దాదాపు 13 సెంటీమీటర్లు, ఐదంటే 16. కిల్ట్ జాకెట్ల ఛాతీలో అంతకుమించి చోటుండేది నేను చూసింది తక్కువ. ఐదు దాటితే ఒకదాని మీదొకటి వాలేలా పేర్చాలి. అన్నిటికన్నా పెద్దది పూర్తిగా కనబడాలి, మిగతావి దాని కిందకి దూరాలి.

కొనుక్కునే స్మారక పతకాలు అసలైన వాటి వరసలో కలపకండి. ఫలానా యుద్ధానికి యాభై ఏళ్ళంటూ దుకాణాల్లో అమ్మేవి ఎవరైనా కొనుక్కోవచ్చు. ముచ్చటగానే ఉంటాయి, ఇంట్లో ఫ్రేము కట్టించుకోండి.

4. జాకెట్టుకి బిగించడం

పిన్నీసులా గుచ్చేస్తే సరిపోదా అంటారు. పోదు. కొత్తలో నేనూ అలాగే ఒకాయనకి అద్దె జాకెట్టు మీద బార్ గుచ్చి పంపాను. ట్వీడ్ నేత వదులు కదా, ఐదు పతకాల బరువుకి గుడ్డ సాగి, పిన్ను నోరు తెరుచుకుని, రాయల్ మైల్ రాళ్ళ మీద బార్ ఊడి పడింది. ఒక పతకం అంచు సొట్టపోయింది. ఆయనేమీ అనలేదు. అదే ఎక్కువ బాధేసింది.

అప్పటినుంచి ఇలా చేస్తున్నాను.

కిల్ట్, స్పోరన్, జాకెట్టు అన్నీ వేయించి మనిషిని నిలబెట్టి గుర్తు పెట్టుకోవాలి. టేబుల్ మీద పరిచి గుర్తు పెడితే ఒంటి మీదకొచ్చాక బార్ వంకర పోతుంది. పై జేబుంటే దానికి కొంచెం పైన, జేబు మధ్యకి. జేబు లేకపోతే చంక ఎత్తుకి కాస్త పైన. నేలకి సమంగా ఉండాలి. చాలామందికి ఎడమ భుజం కాస్త కిందికుంటుంది, దాన్ని నమ్మొద్దు. సుద్దతో రెండు చుక్కలు.

లోపలి లైనింగ్ ఒక పక్క విప్పి, బార్ కన్నా ఒక అంగుళం వెడల్పుగా కాన్వాసు ముక్క పెట్టి, ట్వీడ్‌కి పైకి కనబడకుండా టాకాలు వేస్తాను. బరువు మోసేది ఈ ముక్కే. తర్వాత జాకెట్టు రంగు కాజా దారంతో పైన రెండు మూడు దారపు ఉచ్చులు, రవికె హుక్కుకి ఎదురు కాజా వేసినట్టే. ఒక్కో ఉచ్చులో దారం నాలుగు పేటలు, దాని మీద కాజా కుట్టు. బార్ వెనక సూదిని గుడ్డలోకి గుచ్చకుండా ఈ ఉచ్చుల్లోంచి దూర్చి కొక్కెం వేస్తే చాలు. గుడ్డకి చిల్లు పడదు, ఏటా అదే చోట కూర్చుంటుంది. గంట పని.

ప్రిన్స్ చార్లీ కోటుకి కాలరు మడత పట్టుగుడ్డ. అందులోకి పిన్ను ఒక్కసారి గుచ్చినా మచ్చ పోదు. దానికి ఉచ్చులు తప్పనిసరి. అయస్కాంతపు బార్‌లు కూడా దొరుకుతాయి, కానీ గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు వాటి జోలికే పోవద్దు. మా గిరాకీల వయసుని బట్టి ఈ మాట ముందే అడుగుతాను.

మెరుపు గురించి ఒక మాట. అమ్మమ్మ ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండు, ముగ్గు పెట్టి పతకాలు తోమకండి. పాలిష్ కూడా వద్దు. మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే చాలు. పాత పతకాల అంచు మీద సైనికుడి నంబరు, పేరు చెక్కి ఉంటాయి. తోమీ తోమీ ఆ పేరు చెరిపేసుకున్న కుటుంబాలున్నాయి. రిబ్బన్ మాసిపోతే కొత్తది వేయించండి, అది తప్పేం కాదు. పాతది పారేయకుండా దాచండి.

5. టోపీ, బ్యాడ్జి, తురాయి

యూనిఫారం వద్దన్నాక టోపీ ఎలా పెట్టుకుంటారని అడగొచ్చు. నిజమే, ఇదొక్కటే మసక చోటు. బ్రిటన్‌లో మాజీ సైనికులు తమ రెజిమెంటు బ్యాడ్జితో బెరెట్, గ్లెన్‌గ్యారీ, బాల్మోరల్ టోపీలు పెట్టుకోవడం ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ, దాన్నెవరూ తప్పుపట్టరు. బ్లాక్ వాచ్ పాతకాపులైతే ఎర్ర తురాయి లేకుండా బయటికే రారు. మీరు పనిచేసిన రెజిమెంటుదైతేనే పెట్టుకోవాలి, అంతే షరతు. మేనమామది, అన్నది పనికిరాదు.

రెజిమెంటు టై, కోటు కాలరుకి మాజీ సైనికుల బ్యాడ్జి, రెండూ నిక్షేపంగా పెట్టుకోవచ్చు. ఇక పాపీ పువ్వు, యుద్ధాల్లో పోయినవాళ్ళకి గుర్తుగా పెట్టుకునే ఎర్ర కాగితపు పువ్వు. స్కాట్లాండ్‌లో దొరికేది నాలుగు రేకులది, ఆకు ఉండదు. వీటిని చేయడానికి లేడీ హేగ్ పాపీ ఫ్యాక్టరీ 1926లో ఎడింబరాలోనే మొదలైంది. ఎడమ కాలరుకి, పతకాలని కప్పకుండా పైన.

టోపీతో ఇంకో సంగతి ముడిపడి ఉంది. బ్రిటిష్ పద్ధతిలో తల మీద టోపీ లేకుండా సెల్యూట్ చేయరు. టోపీ లేనివాళ్ళు నిటారుగా నిలబడితే చాలు. చర్చి లోపలికి వెళ్ళేటప్పుడు తీసేయాలి.

ఇవి వదిలేయండి: ర్యాంకు చారలు, భుజాల మీద నక్షత్రాలు, రెజిమెంటు పేరున్న భుజం పట్టీలు, సార్జెంటు ఎర్ర భుజపట్టా (శాష్), ఆఫీసర్ల తోలు బెల్టు శామ్ బ్రౌన్. యూనిఫారం కోటు కింద సొంత కిల్ట్ కట్టడం అన్నిటికన్నా ఎబ్బెట్టు. పైన సైన్యం, కింద పెళ్ళి! బూట్ల మీది తెల్ల తొడుగులు (స్పాట్స్), పొడుగు గుర్రపు వెంట్రుకల స్పోరన్ చట్టరీత్యా తప్పేం కాకపోవచ్చు. కానీ బ్యాగ్‌పైప్ చేతిలో లేనివాడు అవి వేస్తే బ్యాండు నుంచి తప్పిపోయి వచ్చాడనుకుంటారు.

6. తాతగారి పతకాలు

చనిపోయిన పెద్దల పతకాలు వారసులు కుడి రొమ్ము మీద పెట్టుకుంటారు. ఆ వైపు చూడగానే "ఇవి నావి కావు, మావాళ్ళవి" అని అందరికీ తెలుస్తుంది. మీ సొంతవి ఎడమన, తాతగారివి కుడిన, రెండూ ఒకేసారి పెట్టుకోవచ్చు. వరస మాత్రం ఆయన పెట్టుకున్నదే ఉంచండి.

రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్ళిన మనవాళ్ళ ఇళ్ళల్లో మామూలుగా కనబడేవి 1939-45 స్టార్, బర్మా స్టార్ లేదా ఆఫ్రికా స్టార్, వార్ మెడల్, ఇండియా సర్వీస్ మెడల్. స్టార్లు ఆరు కోణాలతో పాత ఇత్తడి రంగులో ఉంటాయి. వరస కూడా ఇదే: 1939-45 స్టార్, ఆఫ్రికా, బర్మా, తర్వాత వార్ మెడల్, చివర ఇండియా సర్వీస్ మెడల్. బ్రిటిష్ సైనికులకి ఈ యుద్ధపు పతకాలు పేర్లు చెక్కకుండా ఇచ్చారు. భారత సైన్యం మాత్రం తనవాళ్ళ పేర్లు చెక్కించి ఇచ్చింది. భూతద్దం పెట్టి అంచు చుట్టూ తిప్పి చూడండి, తాతగారి నంబరు దొరకొచ్చు.

ఆడవాళ్ళకి దీంతో ఒక వెసులుబాటు. పైట ఎడమ భుజాన ఉంటుంది, పతకాలు కుడివైపు కాబట్టి రెండూ కొట్టుకోవు. కానీ రవికెకి పెట్టకండి, బరువుకి మెడ జారిపోతుంది. నవంబరు చలికి పైన కోటు ఎలాగూ వేస్తారు, దానికి పెట్టండి.

7. మన ఫౌజీలు, అమెరికా వాళ్ళు

భారత సైన్యంలో చేసి రిటైరైనవారు ఇక్కడి కార్యక్రమాల్లో నిస్సంకోచంగా తమ పతకాలు ఎడమన పెట్టుకోవచ్చు. వరస మాత్రం మన దేశపు క్రమమే, బ్రిటిష్ పట్టిక వర్తించదు. బార్ ఎలా కట్టి ఇచ్చారో అలాగే ఉంచండి. కిల్ట్ కట్టాలా అంటే, అల్లుడి ముచ్చట తీర్చాలనుకుంటే కట్టండి. బంద్‌గలా కోటు మీద పతకాలు పెట్టుకుని వస్తే ఇంకా హుందాగా ఉంటుందని నాకనిపిస్తుంది.

మద్రాస్ రెజిమెంటు వారైతే ఒకటి గమనించండి. 1803 సెప్టెంబరు 23న అసాయ్‌లో మరాఠాలతో జరిగిన యుద్ధంలో స్కాట్లాండ్ 74వ హైలాండర్లు, మద్రాసు సైన్యపు సిపాయిలు ఒకే పక్క పోరాడారు. ఆ సైన్యంలోని తెలుగువాళ్ళ వల్లే ఉత్తరాదిన సిపాయికి "తెలంగా" అన్న పేరొచ్చింది. ఆ యుద్ధానికి గుర్తుగా దక్కిన ఏనుగు, 74వ దళానికి వారసులైన హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీ టోపీ బ్యాడ్జి మీదకెక్కింది. మద్రాస్ రెజిమెంటు చిహ్నంలోనూ అదే ఏనుగు. గ్లాస్గోలో ఒక ముసలాయన బ్యాడ్జి మీద ఏనుగు కనబడితే ఆగి పలకరించండి, మాటలకి కొదవుండదు.

అమెరికాలో హైలాండ్ గేమ్స్ అనే స్కాటిష్ ఆటల పండుగలకి వెళ్ళేవారికి క్లుప్తంగా. అక్కడా మాజీ సైనికులు జాతీయ పండుగలకి సివిల్ దుస్తుల మీద పతకాలు పెట్టుకోవచ్చు. కానీ అమెరికన్ ఆర్మీ యూనిఫారంలో కిల్ట్ లేదు కాబట్టి నీలి డ్రెస్ కోటు కింద కిల్ట్ కట్టడం నిబంధనలకి విరుద్ధం. దొంగ పతకాల మీద 2006లో చేసిన చట్టాన్ని వాళ్ళ సుప్రీంకోర్టు 2012లో కొట్టేసింది. 2013లో వచ్చిన కొత్త చట్టం, లాభం కోసం అబద్ధమాడితేనే శిక్షిస్తుంది.

8. ఆ రోజు పొద్దున

ముందు మేజోళ్ళు, బూట్లు, తర్వాత కిల్ట్. కిల్ట్ కట్టాక వంగి లేసులు కట్టబోతే కుచ్చిళ్ళు చెదిరిపోతాయి. కిల్ట్ కిందకి వేసే పొడుగు లేసుల బూట్లు, ఘిల్లీ బ్రోగ్స్, వాటి లేసులు చీలమండ చుట్టూ తిప్పి ముందు ముడి వేయాలి, పిక్కల దాకా చుట్టొద్దు. చలి ఎక్కువై ఓవర్‌కోటు తప్పకపోతే బార్ దాని మీదకి మార్చండి, లోపల దాచిన పతకం ఎవరికి కనబడుతుంది? ఓవర్‌కోటుకీ రెండు ఉచ్చులు వేయించి ఉంచుకుంటే సరి.

బార్‌ని మాత్రం ఇంట్లోనే తగిలించుకుని కారెక్కకండి. ఇక్కడ డ్రైవరు పక్క సీటు ఎడమవైపు, బెల్టు ఎడమ భుజం మీంచే దిగుతుంది, సరిగ్గా పతకాల మీదుగా. పోయిన ఏడు మా సార్జెంటుగారు బిస్కెట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని వచ్చి, సిటీ ఛాంబర్స్ దగ్గర దిగాక నా ముందు ఛాతీ విరుచుకు నిలబడ్డాడు. నా వేళ్ళు చలికి కొంకర్లు పోయి కొక్కెం పడటానికి మూడుసార్లు పట్టింది. ఆయన కిందికి చూసుకుని, ఇరాక్ మెడల్ జూబిలీకి ముందే ఉందని ఒకసారి వేలితో తడిమి, గ్లెన్‌గ్యారీ సర్దుకుని వరసలోకి వెళ్ళిపోయాడు.